గోడ మీద మా వాడ

తంజావూరు పెద్దగుడి గోడ మీద మా వాడ ఉంది. బొమ్మగా కాదు, శిల్పంగా కాదు, అక్షరంగా ఉంది. వెయ్యేళ్ల కిందట రాజరాజ చోళుడు గుడికిచ్చిన ఊళ్ల లెక్క రాతి మీద చెక్కిస్తూ, ఒక్కో ఊళ్లో పన్ను పడని జాగాలేవో వరసపెట్టి రాయించాడు. ఊరి నివేశన స్థలం, గుళ్లు, చెరువులు, ఊళ్లోంచి పోయే కాలవలు, కమ్మరి కంసాలి పనివాళ్ల వాడ, పరైచ్చేరి, వల్లకాడు. పరైచ్చేరి అంటే పరయ్యల వాడ. తమిళంలో పరయ్య, తెలుగులో మాల. కొన్ని ఊళ్ల లెక్కలో ఇంకో మాట కూడా ఉంది: తీండాచ్చేరి. 'తీండా' అంటే అంటకూడని అని. అంటరాని వాడ. ఊరి పెద్ద రైతుల వల్లకాడు వేరు, పరయ్యల వల్లకాడు వేరు అని కూడా రాసే ఉంది. చచ్చాక కాలేచోటు కూడా వేరు.

ఆ గోడని రోజూ వేలమంది ఫొటో తీసుకుంటున్నారు. ఆ అక్షరాల మీద వీపు ఆనించి కూచుని పులిహోర తింటున్నారు. అదేం రహస్యం కాదు. దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో ఇంగ్లీషు అనువాదంతో సహా అచ్చయి నూరేళ్లు దాటిపోయింది. నేను దూరవిద్యలో ఎం.ఏ. హిస్టరీ చదివేటప్పుడు లైబ్రరీలో ఆ పేజీ చూశాను. మా నాన్న కొబ్బరిచెట్టెక్కే దింపు కూలీ. మా ఇంట్లో పదోక్లాసు దాటింది నేనే మొదలు. డిగ్రీ అయిందీ, డి.ఎస్సీ. కొట్టి సర్కారు బళ్లో సోషల్ మాస్టారినైందీ నేనే మొదలు. చరిత్ర పుస్తకాల్లో మావాళ్ల కోసం అన్నేళ్లు వెతికినా ఎక్కడా కనపళ్లేదు. వెయ్యేళ్ల నాటి శాసనంలో మాత్రం కనపడ్డారు, వల్లకాడు పక్కన.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఈమధ్య ఫోనుల్లో ఒక చదువు నడుస్తోంది. అంటరానితనం మన ధర్మంలో లేదంట, తురకలొచ్చాక వచ్చిందంట, లేపోతే ఇంగ్లీషోడు విడగొట్టడానికి పెట్టాడంట. మా స్టాఫ్ రూములోనే డిగ్రీలున్న మాస్టర్లు దాన్ని పైకి చదివి వినిపిస్తారు. పెద్దగుడి కట్టడం 1010లో పూర్తయింది. ఆ గుడి గోడ మీది మాట అది. అప్పటికి దక్షిణాదిన ఏ సుల్తానూ లేడు, ఏ కంపెనీ వాడూ ఓడ దిగలేదు. ఎవరు పెట్టారో మరి వాళ్లే చెప్పాలి.

కొన్నాళ్ల కిందట వేసవి సెలవల్లో మా మండలం టీచర్లం కొందరం కుటుంబాలతో ఎల్.టి.సి. మీద తమిళనాడు వెళ్లాం. రాజమండ్రిలో రైలెక్కి మద్రాసు, అక్కణ్ణించి రాత్రి బండిలో తంజావూరు. తెల్లారేసరికి కిటికీలోంచి చూస్తే మా ఊరొచ్చేసిందా అనిపించింది. అదే వరి, అదే కొబ్బరి, అవే పంట కాలవలు, గట్టు మీద అవే అరటి బోదెలు. గోదావరి డెల్టాని తీసుకెళ్లి కావేరి పక్కన పెట్టినట్టుంది. ఊరికి కాస్త దూరంగా, పల్లంలో, వానొస్తే నీళ్లు నిలిచే చోట ఉన్న ఇళ్లు కూడా అలాగే ఉన్నాయి. అవి ఎవరివో ఎవరినీ అడగక్కర్లేదు. మన దేశంలో ఏ డెల్టాకెళ్లినా పల్లం మనదే.

గుడి గొప్పది. ఆ మాట అనడానికి నాకేం నామోషీ లేదు. రెండొందల అడుగులు దాటిన విమానం కింద నుంచుని తల పైకెత్తితే మెడ నొప్పెడుతుంది. ఆ చుట్టుపక్కల కొండన్నది లేదు. అంత రాయీ ఎక్కణ్ణించో రావాల్సిందే. 1987లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంలో చేర్చింది. చేర్చాల్సిందే.

తెలుగొచ్చిన గైడు ఒకాయన దొరికాడు. పాపం, ఆయన బతుకుతెరువు కథలు ఆయన చెప్పాడు. శిఖరం మీది రాయి ఒకటే రాయనీ, ఎనభై టన్నులనీ, కోసుల దూరం నించి మట్టి వాలు పోసి ఏనుగుల్తో లాగించారనీ. ఆ శిఖరం ఒక్క రాయి కాదు, ముక్కలు కూర్చిందేనని పరిశోధకులు ఎప్పుడో చెప్పారు. తర్వాత అందరూ చెప్పే మాట: "ఈ గోపురం నీడ నేల మీద పడదు సార్." మావాళ్లంతా చేతులు జోడించారు. నేను సోషల్ మాస్టారినే గానీ ఆరో క్లాసు సైన్సు నాకూ వచ్చు. సాయంత్రం నాలుగున్నరకి అదే నీడలో చాప పరుచుకుని జనం కూచున్నారు, చూశాను. నీడ పడుతుంది. పడకపోవడమే మహిమంటున్నారు చూడండి, దాని గురించి నేను చాలాసేపు ఆలోచించాను. మా తాత నీడ పడితే మైల. గుడి నీడ పడకపోతే మహిమ. రెండు కథలూ ఒక బుర్రలోంచే పుట్టాయి.

గైడు చెప్పనివి గోడ చెప్తుంది. చేరరాజునీ, పాండ్యుల్నీ ఓడించి తెచ్చిన ధనంతో చేయించిన బంగారం పాత్రలు, తూకాలతో సహా. గుడి డబ్బు ఊరి సభలకి అప్పిచ్చి, దానికి పన్నెండున్నర శాతం వడ్డీ గుంజిన లెక్క. ఒక్కో అఖండ దీపానికి 96 గొర్రెలు. నాలుగొందలమంది ఆడవాళ్లని వేరే వేరే ఊళ్ల గుళ్లనించి తెచ్చి గుడి చుట్టూ వీధుల్లో పెట్టి, ఏ వీధి, ఎన్నో ఇల్లు, ఆవిడ పేరేంటి, ఏ గుడినించి వచ్చింది, అన్నీ రాశారు. మనిషికి ఏడాదికి వంద కలముల వడ్లు. నట్టువరులు, డోలు వాయించేవాళ్లు, కుట్టుపనివాళ్లు, చాకళ్లు, మంగళ్లు, లెక్కలు రాసేవాళ్లు, అందరికీ వాటాలు. పెద్ద శిల్పి కుంజరమల్లన్ రాజరాజ పెరుంతచ్చన్ పేరుంది. రాజుగారి మంగలి పేరు కూడా ఉంది. అంత శ్రద్ధగా రాయించిన రాజు. చాకలికి ఎంత కొలవాలో తెలిసిన రాజు. రాయి లాగినవాడి పేరు ఒక్కటంటే ఒక్కటి లేదు. గుడికి వడ్లు పండించిన పరయ్య పేరు లేదు. వాడుండే చోటు మాత్రం ఉంది, పన్ను రాని జాగాగా.

పన్ను లేకపోవడమంటే మనకేదో మేలు చేశాడని ఒక మాస్టారు నాతో వాదించాడు. సరే, ఆ లెక్క కూడా చూద్దాం. చోళరాజులు బ్రాహ్మణులకి ఊళ్లకి ఊళ్లు పన్ను తీసేసి ఇచ్చారు. పంట వాళ్లది, పన్ను లేదు. మా వాడకి పన్ను లేదంటే అక్కడ పంటే లేదు. వల్లకాడుకి పన్ను వేస్తారా ఎవరన్నా? ఒకళ్లకి భూమి ఇచ్చి పన్ను మానేశారు, మనకి భూమే లేదు గనక పన్ను అడగలేదు. రెంటినీ కలిపి ఒక్క గంపలో వేసి 'రాజుగారి దయ' అంటే ఎలా?

మా గుంపులో తెలుగు పండితుడొకాయన ఉన్నాడు. మంచివాడే. బళ్లో నా క్యారేజీలో చెయ్యి పెట్టి తినేవాడే. ఆయన తంజావూరులో అడుగుపెట్టినప్పట్నించీ పొంగిపోతున్నాడు. రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు, తెలుగు యక్షగానాలు, సరస్వతీ మహల్‌లో తెలుగు తాళపత్రాలు. "చూశారా మాస్టారూ, పరాయి గడ్డ మీద మన తెలుగు వెలిగిపోయింది. ఇది మన వారసత్వం అండీ." నిజమే, నాయక రాజులు తెలుగువాళ్లే. పెద్దగుడి ముందున్న ఆ పెద్ద నంది కూడా నాయకుల కాలందే. నేను అడిగింది ఒక్కటే: "మన అంటే ఎవరండీ?" ఆయన నవ్వి, "గుడికొచ్చి కూడా ఇదే గొడవా?" అన్నాడు.

గొడవ నాది కాదు. తెలుగు అనే ఆ చుట్టరికం సంగతి ఆయనకన్నా నేనే ఎక్కువ చెప్పగలను. ఈ రాజరాజ చోళుడి కూతురు కుందవ్వని మన వేంగి రాజు విమలాదిత్యుడికిచ్చి చేశారు. వాళ్ల కొడుకే నన్నయచేత భారతం రాయించిన రాజరాజ నరేంద్రుడు. ఆయన కొడుకు 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు. ద్రాక్షారామం భీమేశ్వరుడి గుడిలో ఆయన కాలం నాటి శాసనాలు బోలెడు. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లిలో దిగితే ద్రాక్షారామం ఎంత దూరం? కాబట్టి తంజావూరు మనకి పరాయి ఊరేం కాదు. రాజులకి వియ్యం కుదిరింది, పండితులకి భాష కుదిరింది. మాలోళ్లకి మాత్రం రెండుచోట్లా వాడే కుదిరింది.

ఆ గుడి తలుపులు మావాళ్లకి ఎప్పుడు తీశారో తెలుసా? 1939లో. తంజావూరు రాజవంశం వాళ్లు, గుడి ధర్మకర్తలు, ఆ ఏడు తీయించారు. గాంధీగారు మెచ్చుకున్నారు. మదురై మీనాక్షి గుళ్లోకి వైద్యనాథయ్యర్ కొందరిని వెంటబెట్టుకెళ్లింది కూడా ఆ ఏడే, జూలై 8న. 1010 నించి 1939 దాకా లెక్కేసుకోండి, 929 ఏళ్లు. ఇక మద్రాసు రాష్ట్రమంతటికీ ఆలయ ప్రవేశ చట్టం 1947లో వచ్చింది. మన కోనసీమ అప్పుడు ఆ రాష్ట్రంలోదే. మరి 929 ఏళ్లు లోపలికి రానివ్వని ఇంటిని 'నీ తాతల ఇల్లురా' అని ఇప్పుడు చూపిస్తే, ఆ తాత ఎవరో మేం అడగాలా వద్దా?

చట్టం వచ్చినా మా మామ్మ మా ఊరి శివాలయం లోపలికి ఎప్పుడూ వెళ్లలేదు. తలుపెవరూ మూయలేదు. కానీ మూసిన తలుపు ముందు పెరిగిన మనిషి, తీశాక కూడా గడప దగ్గరే ఆగిపోద్ది. శివరాత్రినాడు రోడ్డవతల నించుని దణ్ణం పెట్టుకునేది. నాకు చిన్నప్పుడు అర్థం కానిది ఇంకోటుంది. ఆ గుళ్లో కొట్టే కొబ్బరికాయ మా నాన్న దింపిందే. కాళ్లకి బందం తగిలించుకుని చెట్టెక్కి, గుండెని కాండానికి రాపాడించి గెల నరికింది ఆయనే. గునపం మీద ఒలిచింది మా బాబాయి. పీచుతీసి పిలక చేసింది మాయమ్మ. మా ఇంటిల్లిపాది చెమటా పట్టిన కాయ అంబాజీపేట కొట్లోకెళ్లి, పళ్లెంలోకెళ్లి, దేవుడి ముందు పగిలేది. కాయకి మైల లేదు. మైలంతా చేతికే. కాయ గర్భగుడి దాకా పోద్ది, చెయ్యి రోడ్డవతలే. ఈ ధర్మసూక్ష్మం ఏ శాస్త్రంలో ఉందో పండితుడుగారిని అడిగితే ఆయన దగ్గరా జవాబు లేదు.

తంజావూరులో రెండో రోజు మావాళ్లు సగంమంది కుంభకోణం వెళ్లారు, సగంమంది వేళాంగణ్ణి వెళ్లారు. నేను మా సైన్సు మాస్టారిని తీసుకుని తిరువారూరు మీదుగా కీళ్వెణ్మణి వెళ్లాను. పాత తంజావూరు జిల్లా ఊరే. టూరిస్టు మ్యాపులో ఉండదు. 1968 డిసెంబరు 25 రాత్రి, కూలి కింద కాస్త వడ్లు ఎక్కువ కొలవమన్నందుకు, ఎర్రజెండా సంఘం వదలమన్నా వదలనందుకు, ఆ పల్లెలో 44 మందిని ఒక్క గుడిసెలో పెట్టి కాల్చేశారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. కింది కోర్టు శిక్షలు వేస్తే మద్రాసు హైకోర్టు భూస్వాముల్ని వదిలేసింది. అంత ఆస్తిపరులు స్వయంగా నడిచొచ్చి గుడిసెలకి నిప్పు పెట్టారంటే నమ్మశక్యంగా లేదన్నట్టు రాసింది. ఆ భూస్వాముల సంఘం నాయకుడి పేరు చివర నాయుడు అని ఉంది. సాయంత్రం లాడ్జిలో ఈ సంగతి చెప్తే మా పండితుడు మాట మార్చేశాడు. ఇదైతే మన తెలుగు కాదన్నమాట.

కీళ్వెణ్మణిలో రాతి మీద 44 పేర్లున్నాయి. నాకు తమిళం చదవడం రాదు. అక్కడున్న ఒక పెద్దావిడ వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివింది. నేను నోట్‌బుక్కులో తెలుగులో రాసుకున్నాను. కావేరి డెల్టాలో మా వాళ్ల పేర్లు రాయి మీద కనపడింది నాకక్కడే. ప్రపంచ వారసత్వం రాళ్లలో లేని పేర్లు, కాలి చచ్చాక రాయి ఎక్కాయి. రెండూ ఒకే జిల్లావి, ఒకే వరిపొలాలవి. తంజావూరు చూసొచ్చి ఇది చూడనివాడు తంజావూరు సగమే చూశాడు.

ఇదంతా తమిళోళ్ల గొడవ, మన కోనసీమ ప్రశాంతం అనేవాళ్లున్నారు. వాళ్లకి ఒక తారీఖు చెప్తాను. 2022 మే 24. ఆ ఏప్రిల్లోనే కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి అంబేద్కర్ పేరు కలుపుతామనేసరికి అమలాపురం రోడ్ల మీదికి వేలమంది వచ్చారు. ఎస్సీ మంత్రి ఇల్లు తగలబడింది, బీసీ ఎమ్మెల్యే ఇల్లు తగలబడింది, బస్సులు తగలబడ్డాయి. అడిగితే ఏం చెప్పారు? కోనసీమ సంస్కృతి, కోనసీమ వారసత్వం. అప్పటిదాకా నేను వారసత్వమంటే పాతరాయి అనుకునేవాణ్ణి గాదు గానీ, అది అగ్గిపెట్టె అని కూడా అనుకోలేదు. రాజ్యాంగం రాసినాయన పేరు తగిలితే చెడిపోయే సంస్కృతి ఎలాటిది? గోడ మీద తీండాచ్చేరి అని రాసుకున్న సంస్కృతే గదా. పేరు అంటుకుంటే మైల.

సరిగ్గా ఎనిమిది నెలలకి, 2023 జనవరి 26న, ఢిల్లీ కర్తవ్యపథ్‌లో మన రాష్ట్రం శకటం ఏదో గుర్తుందా? కోనసీమ ప్రభల తీర్థం. జగ్గన్నతోట, కనుమనాడు పదకొండు ఊళ్ల రుద్రులు, రంగురంగుల ప్రభలు. మాకూ ఇష్టమే, చిన్నప్పుడు జీళ్లు కొనుక్కున్నది ఆ తీర్థంలోనే. ప్రభలు పచ్చటి చేలల్లోంచి వెళ్తాయి, నాట్లు తొక్కినా రైతు కోప్పడడు, అదే భక్తి అని టీవీల్లో చెప్పారు. ఆ నాట్లు ఊడ్చింది ఎవరో చెప్పలేదు. నడుం వంచి మోకాలి లోతు బురదలో ఊడ్చినావిడకి ఆ చేను తొక్కితే ఎలా ఉంటాదో మైకు పెట్టి ఎవరూ అడగలేదు. చేను రైతుది, భక్తి రైతుది, శకటం రాష్ట్రానిది. మనం మళ్లీ పన్ను రాని జాగాయే.

ఆ ఏడు మే 28న కొత్త పార్లమెంటులో సెంగోల్ పెట్టారు. చోళుల రాజదండం తీరుది. చోళులే ప్రజాస్వామ్యం నేర్పారని ఉత్తరమేరూరు శాసనం చూపిస్తున్నారు. కుండలో తాటాకు చీటీలు వేసి ఎన్నుకున్నారని మేం కూడా పిల్లలకి చెప్తాం. ఆ శాసనం తర్వాతి వాక్యాలు కూడా చెప్పండి మరి. చీటీలో పేరు రాయాలంటే పన్నుకట్టే సొంత భూమి ఉండాలి, సొంత స్థలంలో ఇల్లుండాలి, వేదం వచ్చుండాలి. అది బ్రాహ్మణ అగ్రహారం సభ. ఆడవాళ్లు లేరు, శూద్రులు లేరు, మన ఊసే లేదు. ఆ కుండలో మా చీటీ పడ్డానికి 1950 దాకా ఆగాల్సొచ్చింది. అది వేయించినాయన పేరు పెడితేనే ఇళ్లు తగలబెట్టారు.

నేను ఇవన్నీ తొమ్మిది, పది క్లాసుల్లో చెప్తున్నాను. గోడ మీది ఆ మాటల్ని బోర్డు మీద తెలుగులో రాసి చదివిస్తున్నాను. పిల్లల్లో ద్వేషం నింపుతున్నానని ఒకరిద్దరు పెద్దమనుషులు బడికొచ్చి హెడ్‌మాస్టారికి చెప్పి వెళ్లారు. నేను చెప్పిన దాంట్లో రాజరాజు చెక్కించనిది ఒక్క ముక్కన్నా ఉందా అని అడిగాను. కళని కళగా చూడాలంట. చూస్తాను. విమానం ఎత్తు చెప్తాను, రాతి అతుకు చెప్తాను, లోపలి చోళ చిత్రాల గురించి చెప్తాను. వెనక బెంచీలో కూచున్న మా పేట పిల్ల "మరి ఇందులో మనోళ్లు ఏం చేశారు మాస్టారూ?" అని అడిగితే అప్పుడు కూడా కళే చెప్పమంటారా?

గుడి కూలగొట్టమని నేనడం లేదు. పూజ మానమనీ అనడం లేదు. పెద్దగుడి బయట పురావస్తు శాఖ బోర్డు ఒకటుంది, కట్టిన రాజు, ఏడాది, ఎత్తు చెప్తుంది. దాని కింద ఇంకో నాలుగు పంక్తులు రాయించమంటున్నాను. ఈ గోడ మీద పరైచ్చేరి అనీ తీండాచ్చేరి అనీ ఉంది, ఇదీ దాని అర్థం, వాళ్లు 1939 దాకా లోపలికి రాలేదు, అని. గైడులకిచ్చే శిక్షణలో ఆ మాట పెట్టమంటున్నాను. తిరువారూరు రోడ్డు మీద కీళ్వెణ్మణికి దారి చూపించే బోర్డు, పెద్దగుడికి పెట్టినంత సైజులో పెట్టమంటున్నాను.

ఈ ఏడు మా బడి విహారయాత్రకి ప్రతిపాదన అడిగితే నేనే రాసిచ్చాను. మొదటి రోజు ద్రాక్షారామం, పిల్లలు కాగితాలు, పెన్సిళ్లు తెచ్చుకోవాలి, శాసనాలు గుడి లోపలికెళ్లి చూడాలి. రెండో రోజు అమరావతి స్తూపం. వచ్చేటప్పుడు చుండూరు, 1991 ఆగస్టు 6న చంపేసినవాళ్లని పూడ్చిన రక్తక్షేత్రం. బస్సు కిరాయి, భోజనం ఖర్చు కూడా లెక్కగట్టి ఇచ్చాను. ద్రాక్షారామానికీ అమరావతికీ టిక్కు పడింది. చుండూరు దగ్గర ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం పెట్టి కాగితం తిరిగొచ్చింది. ఆ ప్రశ్నకి జవాబు మూడు పేజీలు రాసి, ఈ సోమవారం మళ్లీ పంపించాను.